నీళ్లలో ఈదిన రైలు

నీలవేణి, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో బీరువాలు చేసే ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. రంగువేసిన తలుపులను ట్యూబ్‌లైటు కింద పరీక్షించి, గీత పడ్డవాటినీ బుడగ లేచినవాటినీ పక్కన పెట్టడం ఆమె పని. ఎనిమిదేళ్లుగా అలవాటైన ఆ చూపు ఇంటికీ ఆమె వెంటే వచ్చేది. చిన్నప్పటినుంచి బొమ్మలు వేసిన మనిషి, ఇప్పుడు ఒక్కటీ పూర్తి చేయలేకపోతోంది. చెట్టు వేస్తే కొమ్మ వంకరగా ఉందనిపించేది. మనిషిని వేస్తే మెడ పొడుగనిపించేది. వెంటనే చించేసేది.

శ్రావణమాసంలో ఒక సెలవురోజు మధ్యాహ్నం వాళ్లుండే పూరీ గేట్ పేటలో వాన పట్టుకుంది. భర్త బుజ్జిబాబు డ్యూటీకి వెళ్లాడు. ఇంట్లో ఆమె, అత్త పోలమ్మ. వారంరోజులుగా వేస్తున్న రైలు బొమ్మను నీలవేణి కిటికీ దగ్గర కూర్చుని దిద్దుతోంది. పెట్టెలు స్కేలుతో గీసింది, చక్రాలు చేతిగాజు పెట్టి గుండ్రంగా తిప్పింది. ఈసారి ఏ తప్పూ దొరకలేదనుకుంటూ ఉండగా, ఇంటికప్పు సందులోంచి నీటిచుక్క జారి సరిగ్గా ఇంజను మీద పడింది. నీలం మెల్లగా పాకింది. ఇంకో చుక్క పడింది. చక్రాలు కరిగిపోయాయి.

ఆమె కాగితాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"ఆగే," అంది పోలమ్మ, చింతపండులో పిక్కలు తీస్తూ. "ఓపాలి సూడు. నీ రైలు ఈదతన్నాది."

"పాడైపోనాది అత్తా."

"ఎలాగూ సించేత్తావు గదా. నాకియ్యి."

పోలమ్మ జీవితంలో కుంచె పట్టలేదు. చేతులు కడుక్కొచ్చి, వేలు పచ్చరంగులో ముంచి, చివరి పెట్టెకు ఒక తోక పెట్టింది. వంగి ఉఫ్ అని ఊదింది. రంగు పాయలుగా చీలి కాగితం అంచుదాకా పరుగెత్తింది.

"తోకకి కూడా తోకలొచ్చినాయి," అంది నీలవేణి. అన్నాక తనే నవ్వింది. అంత నవ్వు తన గొంతులో ఉందని ఆమె ఎప్పుడో మరిచిపోయింది.

తరవాత చుక్క ఎక్కడ పడుతుందా అని ఇద్దరూ ఎదురుచూశారు. పడ్డచోట నీలవేణి ఏదో ఒకటి వేసేది. ఒకచోట గొడుగు పట్టుకున్న చేప, ఒకచోట నీళ్ల మీద తేలుతున్న ప్లాట్‌ఫారం, దాని మీద జడ అల్లుకుంటున్న చందమామ. బయట వాన గది లోపలికి వచ్చి కూర్చున్నట్టు ఉంది. దూరంగా ఏదో బండి కూత వేసింది. అది ఏ ఊరు పోతోందో, ఎంతసేపటికి వెళ్లిపోయిందో నీలవేణికి తెలియలేదు. చేయి దానంతటది కదులుతోంది. వంకర గీతలు వంకరగానే ముందుకు పోతున్నాయి.

వాన తగ్గాక పక్కింటి దేవమణి గొడుగు ముడుచుకుంటూ లోపలికి వచ్చింది. దండెం మీద ఆరుతున్న బొమ్మ ముందు ఆగిపోయింది.

"ఇదేటి పోలమ్మక్కా, ఏరు బొమ్మా?"

"ఏరు కాదే, రైలు. సముద్రంలోకి తానానికెల్తన్నాది."

"నాకైతే నిద్దరోతున్న పాములాగుంది."

నీలవేణి ఎవరినీ సరిదిద్దలేదు. అత్త చెప్పిన సముద్రం కనిపించింది, దేవమణి చెప్పిన పాము నిద్ర కూడా కనిపించింది. తప్పు వెతకాలన్న ఆలోచనే రాలేదు.

దేవమణి బొమ్మను ఇంకాస్త దగ్గరగా చూసి, చాపమీద చతికిలబడింది.

"నాకూ ఒక కాయితం ఇయ్యమ్మా," అంది సిగ్గుపడుతూ. "నాకు గీయడం రాదు."

నీలవేణి జరిగి చోటిచ్చి, రంగుల పెట్టె ఆమె ముందుకు తోసింది.