యోబు కొన్న మోడెమ్

నెలనెలా మోడెమ్‌కు కిరాయి కట్టడమంటే యోబుకు ఒళ్ళుమంట. ముప్పై ఏళ్ళుగా గోదావరిఖనిలో బొగ్గుగని కంపెనీ క్వార్టర్లో ఉంటూ, కంపెనీ ఇచ్చిన బొగ్గుతోనే వండుకు తిన్న మనిషికి ఇంత పౌరుషం ఎక్కడిదో గానీ, కూతురు హన్నాకు ఉద్యోగం వచ్చేలా ఉందనగానే అది మరీ ముదిరింది.

హన్నా లెక్కల్లో దిట్ట. చిన్నప్పుడే పోలియోతో కాలు చచ్చుబడింది. బడిలో మెట్లెక్కలేక టీచరు పని మానుకుంది. ఇప్పుడు హైదరాబాదులో ఎవరో, ఇంట్లో కూర్చునే నెట్టులో పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్ళను వెతుకుతున్నారు. శనివారం నాలుగింటికి ఇంట్లో కంప్యూటర్ కెమెరా ముందు ఒక్క పాఠం చెప్పి మెప్పిస్తే చాలు.

"కిరాయి సామాను మీద కొలువేంది బిడ్డా? మనదే కొందాం," అని యోబు కరీంనగర్ వెళ్ళి కొత్త మోడెమ్ కొనుక్కొచ్చాడు.

శుక్రవారం పొద్దున డ్యూటీకి పోతూ పోతూ పాతదాన్ని, దాన్ని కిరాయికిచ్చిన కేబుల్ ఉపేందర్‌కు అప్పజెప్పేశాడు. "కొత్తది నడిసినంక ఇద్దాం బాపు," అని హన్నా మొత్తుకున్నా వినలేదు. యోబు పనిచేసేది గనిలోకి దిగేవాళ్ళకు తలదీపాలిచ్చే ల్యాంపు రూములో. అక్కడ ఎవరి నంబరు బిళ్ల వాళ్ళు ఇస్తేనే దీపం, దీపం తిరిగిస్తేనే బిళ్ల. ఒకటి అప్పజెప్పకుండా రెండోది ముట్టుకోవడం అతని లెక్కలో దొంగతనమే.

సాయంత్రం కొత్తది తగిలించారు. లైట్లన్నీ వెలిగాయి గానీ నెట్టు రాలేదు. తెల్లారగానే ఉపేందర్ దగ్గరికి పరుగెత్తాడు.

"నీ మోడెమ్ మంచిదే కాకా. దాని నంబరు మా పెద్దాఫీసుల ఎక్కియ్యాలె. గప్పుడే నడుస్తది."

"అయితే జల్ది ఎక్కియ్యి."

"గది నా చేతుల లేదు. ఇయ్యాల, రేపు ఆఫీసు బందు. సోమారం అయితది."

"పోనీ నా పాతదన్న ఇయ్యి!"

"నిన్ననే వేరే ఇంట్ల పెట్టొచ్చిన కాకా. ఇంకోటి లేదు."

ఉన్నదీ పోయింది, ఉంచుకున్నదీ పోయింది. నంబరు లేని దీపంతో ఎవణ్ణీ గనిలోకి దిగనివ్వని యోబుకు ఉపేందర్ మీద అరవడానికి నోరు రాలేదు. నెట్ సెంటర్లన్నీ తిరిగాడు. కెమెరా ఉన్నది ఒక్కటీ దొరకలేదు. నెట్టు రాని తన బటన్ ఫోన్‌తో హన్నా హైదరాబాదుకు ఫోన్ చేసి రెండు రోజులు గడువడిగింది. ఇవాళే ఆఖరు, తర్వాత చూస్తాం అని పెట్టేశారు.

నాలుగయ్యింది. గంజి పెట్టిన చీర కట్టుకుని, పక్కన నల్లబోర్డు ఆనించుకుని, హన్నా కుర్చీలో కూర్చునే ఉంది. యోబు గడపలోనే ఆగిపోయాడు. బిడ్డ మొహం చూడాలంటే సిగ్గేసింది.

"వచ్చి కూసో బాపు. గింత తయారైన గద," అంది.

అతను స్టూలు మీద కూర్చున్నాడు. హన్నా భిన్నాల పాఠం మొదటి నుంచి చివరిదాకా, ఒక్క మెట్టు విడవకుండా చెప్పింది. ఏడో తరగతిలోనే బడి మానేసిన యోబుకు సగానికి సగం అర్థమైంది. ఇంత బాగా చెప్తుందని అతనికి ఆ రోజే తెలిసింది.

"ఏమన్న డౌట్లున్నయా?" అని అలవాటుగా అడిగింది హన్నా.

"ఒక్కటే బిడ్డా. వాళ్ళు మళ్ల పిలుస్తరా?"

ఎంత పెద్ద లెక్కకైనా ఠక్కున జవాబు చెప్పే పిల్ల, సుద్దముక్కతో బోర్డు మూలన ఒక ప్రశ్నగుర్తు గీసి, మిగతా భిన్నాలన్నీ తుడిచేసింది.