గాలయ్య చేసిన ఓడ

దారం మళ్లీ అందలేదు. గాలయ్య కొసను వేలికి చుట్టి లాగాడు, విసుగొచ్చి వదిలేశాడు. మూరెడు పొడవు టేకు ఓడ, దాని మీద మూడు తెరచాప కొయ్యలు. కొయ్యలను వెనక్కి బిగించాల్సిన దారాలేమో అరంగుళం తక్కువయ్యాయి, ముందువేమో వదులై వేలాడుతున్నాయి. నమూనా కాగితం చూసి, ఒక్కోటీ రెండుసార్లు కొలిచి కోశాడు కదా!

పోయిన ఏడు పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయింది. మళ్లీ లేచిందని డాక్టరన్నా కొడుకు రంజిత్ నమ్మలేదు. "ఇగ పని నాకిడిసిపెట్టు నాయినా" అన్నాడు. బడిలో ప్రదర్శనకు ఓడ కావాలని ఫేబ టీచరు ఆ నమూనా కాగితం తెచ్చినప్పుడు తండ్రీకొడుకులు ఒక మాట అనుకున్నారు. ఓడ కుదిరితే గాలయ్య మళ్లీ దర్వాజలు చేస్తాడు, కుదరకపోతే ఉలి ముట్టడు.

నలభై ఏళ్లు మెదక్ చుట్టుపక్కల దర్వాజలు నిలబెట్టిన వడ్రంగికి ఒక బొమ్మ ముందు చెమటలు పట్టాయి. కొలత తప్పిందంటే చెయ్యి పోయినట్టే. ఇక దుకాణం ముందు కూర్చుని వచ్చేపోయే బస్సులు చూడాలా? దారాన్ని తడిపి సాగదీయబోయాడు. పుటుక్కున తెగింది.

సరిగ్గా అప్పుడే ఫేబ టీచరు రానే వచ్చింది. రంజిత్ కూడా కోత మిషను ఆపి దగ్గరికొచ్చాడు.

"కొలత తప్పింది మేడం. నా చెయ్యి ఖరాబైంది" అన్నాడు గాలయ్య తలెత్తకుండా.

ఆమె మిగతా దారాలను కాగితం మీద పరిచి చూసింది, తర్వాత కాగితాన్ని ఓడ పక్కన నిలబెట్టింది.

"దారాలు కరెక్టే ఉన్నయి తాతా. కాగితం మీద కొయ్యలు జర వెనక్కి వాలి ఉన్నయి, చూడుండ్రి. మీరు నిటారుగ నిలబెట్టిండ్రు."

"గీసినోళ్లే వంకర గీసిండ్రనుకున్న. సక్కగ చేసిన" గాలయ్య గొణిగాడు. "వంకర నిలబెడితే నలుగురు నవ్వరా?"

రంజిత్ నిటారు చూసే గుండు దారం తెచ్చి ఒక్కో కొయ్య పక్కన వేలాడదీసి, చుట్టూ తిరిగి చూశాడు.

"వెంట్రుకంత తేడా లేదు నాయినా" అన్నాడు. "బేస్తవారం అల్లాదుర్గ్‌ల దర్వాజ ఎక్కియ్యాలె. నువ్వే నిలబెట్టాలె."

గాలయ్యకు ఏడుపు ముంచుకొచ్చింది. ఎంత సంతోషమో అంత భయం. పొద్దున్నే ఓడ బడికి పోవాలి. జిగురు ఆరిపోయిన మూడు కొయ్యలనూ ఊడదీసి, బుద్ధెరిగాక మొదటిసారి, కావాలని వంకరగా నిలబెట్టాలి.