దూడల మందు

వంతెన మీద అడిగేది ఒక్కటే ప్రశ్న. "ఈ మందులు ఎవరికి?" దానికి జవాబూ ఒక్కటే. "నాకే. నా జబ్బుకే." ఆ మాట అంటే కస్టమ్స్ వాళ్ళు మనిషిని పైనుంచి కిందికి ఒకసారి చూసి, పొమ్మని చెయ్యి ఊపేవాళ్ళు. అమెరికాలో ఆ మందుకి అనుమతి లేదు. అయినా చావబోయేవాడి చేతిలో సంచీ లాక్కోవడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. ఎనభై ఏడులో, మెక్సికో నుంచి టెక్సస్‌లోకి వచ్చే ల్యారెడో వంతెన మీద సంగతి ఇది.

ఈ జవాబుని వెర్లిన్ స్టోక్‌లీ చేత లైల్ మూడుసార్లు అనిపించాడు, ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు.

"అనండి, వెర్లిన్ గారూ. నాకే."

"నాకు జబ్బు లేదు కదయ్యా."

"ఆ సంగతి వాళ్ళకేం తెలుసు? మీరు నాకంటే చిక్కిపోయారు. అద్దంలో చూసుకున్నారా ఈమధ్య? అనండి."

"నాకే," అన్నాడు వెర్లిన్, గోడకేసి చూస్తూ.

లైల్ హైస్కూల్లో బాకాలు, డప్పులు నేర్పిన మాస్టరు. జబ్బు సంగతి తెలిసిన రోజునే స్కూలు వాళ్ళు పిలిచి తాళం చెవులు తీసుకున్నారు. శాన్ ఆంటోనియోలో ఒక చర్చి కింది హాల్లో ప్రతి గురువారం రోగులందర్నీ కూడేసేవాడు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళతో కాపురం చేసే మగవాళ్ళు. వెర్లిన్ నోట్లో వాళ్ళకి ఒక మాట ఉంది. ఆ మాట ఇంట్లో అనడానికి వీల్లేదంది నెల్డా. అందుకని "ఆ మనుషులు" అనేవాడు.

నెల్డా అతని భార్య. ఎనభై మూడులో గర్భసంచి ఆపరేషన్ చేసి రెండు సీసాల రక్తం ఎక్కించారు. మూడేళ్ళ తర్వాత డాక్టరు గది తలుపు వేసి, ఆ రక్తంలో ఏం వచ్చిందో చెప్పాడు. తమ ఊరు కొటుల్లాకి తిరిగొచ్చే దారిలో, బండి నడుపుతూనే, వెర్లిన్ అబద్ధం తయారుచేశాడు. రక్తంలో క్యాన్సర్ అని చెబుదాం అన్నాడు. నెల్డా కిటికీలోంచి ముళ్ళ పొదలు చూస్తూ కూర్చుంది. ఒప్పుకున్నట్టు చెప్పలేదు. కాదనీ అనలేదు.

హాల్లో ఒక పద్ధతి ఉండేది. వచ్చేవాళ్ళంతా తలా ఒక వంట తెచ్చి పొడుగు బల్ల మీద పెట్టేవాళ్ళు. గిన్నె అడుగున కాగితం టేపు అంటించి పేరు రాసేవాళ్ళు, కలిసిపోకుండా. ముందు తిండి, తర్వాత మందులు పంచుకోవడం. నెల్డా చికెనూ అన్నమూ చీజూ కలిపి గాజు గిన్నెలో కాల్చి తీసుకెళ్ళేది. అందరూ నాకేసేవాళ్ళు. వెర్లిన్ మాత్రం మెట్లు దిగేవాడు కాదు. బయట పికప్ బండిలో కూర్చుని, పొట్లంలో తెచ్చుకున్న రొట్టె తినేవాడు. వాళ్ళ గరిటెలు ముట్టుకోవడం ఇష్టంలేక. ఆ గరిటెలతోనే నెల్డా వడ్డించుకుంటుందని తెలిసీ.

ఒక మనిషికి మూడు నెలలకి సరిపడా మందు తేనిచ్చేవాళ్ళు. దాన్ని అయిదుగురు పంచుకుంటే పద్దెనిమిది రోజులు వచ్చేది. అందుకే వంతులు. నెల్డా కోసం కూడా మిగతా నలుగురూ, లైలూ రూబెనూ వాళ్ళలోనే, తలా ఒకసారి వంతెన దాటారు. అయిదో వంతు నెల్డాది. ఆమె అప్పటికి గుమ్మం దాటితే ఆయాసపడేది.

"నువ్వెళ్ళు," అంది. "వాళ్ళు నాకోసం వెళ్ళారు. రూబెన్ ఒక కన్ను కనబడకపోయినా వెళ్ళాడు. నీకు రెండు కళ్ళూ ఉన్నాయిగా."

వెళ్ళాడు. శనివారం మిట్టమధ్యాహ్నం. అవతలి ఒడ్డున మందుల షాపువాడు చీటీ చదివి, ఏమీ అడక్కుండా కాగితం సంచీలో పెట్టి ఇచ్చాడు. వెర్లిన్ ఆ సంచీ పట్టుకుని నడిచి వంతెన మీదికి వచ్చి వరసలో నిలబడ్డాడు. జవాబు లోపల్లోపల అనుకుంటున్నాడు. నాకే. నా జబ్బుకే.

బల్ల వెనక ఉన్న కస్టమ్స్ ఆఫీసరు ఎవరిస్టో త్రెవీన్యో. పన్నెండేళ్ళుగా ప్రతి నవంబరులో వెర్లిన్ పశువుల్ని మేపే బీడులో జింకల వేటకి వచ్చేవాడు. నెల్డా చేతి వంట తిని, అరుగు మీద బూట్లు విప్పి పడుకునేవాడు.

"ఏంటి పెద్దాయనా, నువ్వూ పళ్ళ డాక్టరు దగ్గరికేనా? నీ వెనకాల చూడు, మీ ఊరాయన."

వెర్లిన్ వెనక్కి తిరిగాడు. డ్యూయీ ప్రూయిట్. కొటుల్లా చర్చిలో చందా పళ్ళెం తిప్పే పెద్దమనిషి. పన్ను పీకించుకుని, నోట్లో దూది కుక్కుకుని, చెంప వాచి, వరసలో ఇద్దరి తర్వాత నిలబడి ఉన్నాడు. చెయ్యి ఊపాడు.

"ఇవేంటి? ఎవరికి?" ఎవరిస్టో సంచీలోంచి ఒక బిళ్ళల అట్ట తీశాడు.

"దూడలకి," అన్నాడు వెర్లిన్.

"దూడలకా?"

"పారుడు పట్టుకుంది. ఈ ఏటి దూడలకి."

ఎవరిస్టో ఆ మందు బిళ్ళని వెలుతురుకి పట్టి చూశాడు. "ఇంతింత బిళ్ళలు దూడలు ఎలా మింగుతాయి?"

"పొడి చేసి పాలల్లో కలుపుతాం."

ఎవరిస్టో బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు. "చూడు పెద్దాయనా. పశువుల మందైతే పశువుల ఇన్‌స్పెక్టరు కాగితం ఉండాలి. లేకపోతే నేను ఇక్కడే ఉంచేసుకోవాలి. అది రూలు, నా చేతిలో లేదు. కానీ ఈ అట్టలు నేను వారానికి నాలుగుసార్లు చూస్తాను. ఎవరు తెస్తారో, ఎందుకు తెస్తారో నాకు తెలుసు. ఇంకోసారి అడుగుతున్నా. ఎవరికి?"

అంతకంటే ఎవరూ ఏం చెయ్యలేరు. ఆ ఒక్క మాట కోసం తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు ఆ మనిషి.

"ఏవైంది వెర్లిన్?" అన్నాడు డ్యూయీ, దూది వెనకనుంచి. "ఏవంటాడు?"

"దూడలకని చెప్పానుగా!" అని అరిచాడు వెర్లిన్, వరసంతా వినేలా.

ఎవరిస్టో అట్టని మళ్ళీ సంచీలో పెట్టేశాడు. కాగితం తీసి రాశాడు. దూడల మందు, అనుమతి లేదు, స్వాధీనం. సంతకం పెట్టమన్నాడు. వెర్లిన్ పెట్టాడు. సంచీ బల్ల కిందికి పోయింది. కాపీ జేబులోకి వచ్చింది. డ్యూయీని ఇంటిదాకా బండిలో ఎక్కించుకుని కూడా వచ్చాడు. దారంతా పళ్ళ డాక్టరు గురించి విన్నాడు.

గురువారం నెల్డాతో పాటు మొదటిసారి హాలు మెట్లు దిగాడు. కొత్త ఆఫీసరు, లాక్కున్నాడు అని చెప్పాడు.

"మీరు నాకే అన్నారా?" అని అడిగాడు లైల్.

"అన్నాను."

"అయినా లాక్కున్నాడా! వాడి మొహం మండా." లైల్ అతని భుజం తట్టాడు. "మీరేం బాధపడకండి. మీ తప్పేముంది."

తర్వాత వాళ్ళు చేసిన పని వెర్లిన్ నిలబడి చూశాడు. నలుగురూ తమ దగ్గర మిగిలిన కాసిని బిళ్ళలు ఒక కవరులో వేశారు. లైల్ తనవన్నీ వేసేశాడు. "ఇవి మింగితే నాకు ఒకటే త్రేన్పులు, నెల్డమ్మా. మీరే తీసుకుని నన్ను ఒడ్డున పడెయ్యండి." రెండో కన్నూ మసకబారిన రూబెన్ చేత్తో తడుముకుంటూ వచ్చి నాలుగు బిళ్ళలు వేశాడు. అతను రొట్టెలు కాల్చేవాడు. వేళ్ళకి ఎప్పుడూ పిండి వాసన ఉండేది. ఆ కవరు వెర్లిన్ చేతికే ఇచ్చారు. తీసుకున్నాడు.

చొక్కా ఉతకడానికి వేస్తూ నెల్డా జేబులో కాగితం చూసింది. ఆ సాయంత్రం వంటింటి బల్ల మీద, అతని కాఫీ పక్కన పెట్టింది.

"మన దూడల్ని ఆగస్టులోనే అమ్మేశాం కదా, వెర్లిన్," అంది.

అతను కాఫీ తాగాడు.

"డ్యూయీ ఉన్నాడు వెనకాల," అన్నాడు చివరికి.

"డ్యూయీ." ఆమె కాగితాన్ని ఇంకాస్త అతనివైపు జరిపింది. "ముప్పై నాలుగేళ్ళ కాపురం మనది. డ్యూయీతో నీకెన్నేళ్ళు?"

తర్వాత లేచి, బల్ల పట్టుకుని నిలబడింది. "హాల్లో చెప్పకు. నేనున్నంతకాలం చెప్పకు. రూబెన్ ముందు తలెత్తలేను."

ఆ మాట అతనికి అప్పుడు ఊరటగా ఉండింది. అది తల్చుకుంటేనే ఇప్పుడు ఒళ్ళు చచ్చిపోతుంది. తన సిగ్గుని ఆమె నెత్తినేసుకుని మోస్తుంటే, హమ్మయ్య అనుకున్నాడు.

రూబెన్ క్రిస్మస్‌కి ముందు పోయాడు. పద్దెనిమిది రోజులు మందు లేనందుకే పోయాడని ఎవరూ అనలేరు. కాదని కూడా అనలేరు. నెల్డా ఫిబ్రవరిలో పోయింది. ఆ మందు అసలు పనిచేస్తుందో లేదో డాక్టర్లకే తెలియదు అప్పటికి. వెర్లిన్ ఆ మాట పట్టుకుని బతకొచ్చు. చాలామంది బతుకుతారు. కానీ ఆమె ప్రాణం నిలిచేదా లేదా అన్నది కాదు లెక్క. అడిగినప్పుడు అతను ఏమన్నాడన్నది.

పాస్టరు గారు శవపేటిక ముందు రక్తపు క్యాన్సర్ అనే చెప్పాడు. డ్యూయీ ఒక మూల పట్టి మోశాడు. ఊరి ఆడవాళ్ళు పదహారు గిన్నెలు తెచ్చి వంటింటి నిండా పెట్టారు. హాలు వాళ్ళకి కబురు పంపలేదు. వాళ్ళు వస్తే ఎవరని చెప్పాలి?

ఒక గురువారం లైల్ ఫోన్ చేశాడు. "నెల్డమ్మ రాలేదేంటండీ రెండు వారాలుగా? ఒంట్లో బాగోలేదా?"

"పాతిపెట్టి తొమ్మిది రోజులైంది," అన్నాడు వెర్లిన్.

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

ఏప్రిల్లో వెళ్ళాడు. కవరులో ఇంకా పదకొండు బిళ్ళలు మిగిలాయి. అవి తిరిగిచ్చేద్దామని, నెల్డా గాజు గిన్నె తెచ్చుకుందామని. అందరూ తింటున్నప్పుడు మెట్లు దిగాడు. లైల్ చక్రాల కుర్చీలో ఉన్నాడు, మోకాళ్ళ మీద దుప్పటి. మనిషిలో మిగిలింది సగమే. వెర్లిన్ కవరు బల్ల మీద పెట్టి, దాని పక్కన వంతెన కాగితం పెట్టాడు.

లైల్ చదివాడు. మళ్ళీ చదివాడు.

"దూడలు," అన్నాడు.

"మా ఊరతను ఉన్నాడు వెనకాల," అని మొదలుపెట్టి ఆపేశాడు వెర్లిన్. "నేను నాకే అనలేదు. మూడుసార్లు అడిగాడు. అనలేదు."

బల్ల చుట్టూ గరిటెలు ఆగిపోయాయి. ఎవరో కుర్చీ వెనక్కి జరుపుకుని మెట్లెక్కి వెళ్ళిపోయారు.

"క్షమించమని మాత్రం అడక్కండి, వెర్లిన్ గారూ," అన్నాడు లైల్. "నాకంత టైమ్ లేదు." కాగితం మడిచి వెనక్కి నెట్టాడు. "మీ వంతు ఇంకా అవ్వలేదు. అంతే. శనివారం వెళ్ళండి."

గాజు గిన్నె అడగడానికి నోరు రాలేదు. అది బల్ల చివర ఉంది. అడుగున టేపు మీద ఆమె రాత, లోపల ఇంకెవరి వంటో.

శనివారం వంతెన మీద రెండు వరసలున్నాయి. వెర్లిన్ ఎవరిస్టో ఉన్న వరసలో నిలబడ్డాడు.

"ఎవరికి?" అన్నాడు ఎవరిస్టో, తల ఎత్తకుండానే.

"నాకే."

అప్పుడు ఎత్తాడు. "దేనికి?"

"ఎయిడ్స్," అన్నాడు వెర్లిన్. మామూలు గొంతుతోనే. వెనకున్న ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది.

ఎవరిస్టో చెయ్యి సంచీ మీద ఉంది. దాన్ని తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు. "అంటే నెల్డమ్మ గారు..." అని, మిగతాది మింగేశాడు. "పో పెద్దాయనా."

బీడు గేటు తీసి వెయ్యడానికి ఇంతకంటే ఎక్కువ సేపు పడుతుంది.

మందులు హాల్లో ఇచ్చాడు. ఎవరూ భుజం తట్టలేదు. అంతకుమించి అతనూ ఆశించలేదు. ఆ తర్వాత లైల్ పోయేదాకా, పోయాక కూడా, వంతు వచ్చినప్పుడల్లా వెళ్ళాడు.

ఊరికి తెలియడానికి వారం పట్టలేదు. చర్చిలో అతని బల్ల మీద ఇప్పుడు అతనొక్కడే కూర్చుంటాడు. డ్యూయీ చందా పళ్ళెం చెయ్యి చివరికంటా చాచి పట్టుకుంటాడు, వేళ్ళు తగలకుండా. నవంబరులో ఎవరిస్టో వేటకి రాలేదు. జింకలు ఇంటి గుమ్మం దాకా వచ్చి మేస్తున్నాయి.

వెర్లిన్ అరుగు మీద కూర్చుని వాటిని చూస్తాడు. ఇంతే కదా అనుకుంటాడు. ఖాళీ బల్ల, చాచిన పళ్ళెం, రాని వేటగాడు. దీనికి భయపడే, ఆ రోజు నెల్డా మందుని దూడల పేర రాయించాడు. మూడుసార్లు అడిగితే, మూడుసార్లూ.