సంకటి తినే ఈగలు

పొద్దున్నే రెండు గిన్నెల్లో రాగిపిండి కలుపుతాను. ఒకటి ఇంట్లోవాళ్ళకు, ఒకటి ఈగలకు. ఉప్పు తక్కువైందని ఈగలు ఇంతవరకు అనలేదు.

తమిళనాడు ధర్మపురిలో ఒక కాలేజీ ల్యాబులో డిమాన్‌స్ట్రేటర్ని. కప్పలు కోసిన ట్రేలు కడగడానికి పనికొస్తాను, పరిశోధనకు పనికిరానట. ఈగలు సాకే జాగా కాదిది అన్నాడు అక్కడి పెద్దాయన. అందుకే వంటింటి అలమరాలో, దూది మూతలు పెట్టిన నలభై సీసాలు. తుంబలహళ్లి డ్యాం దగ్గర పట్టిన పండుఈగల్ని రెండు వాటాలు చేశాను. సగం రాగిగంజి తింటాయి, సగం మామిడి గుజ్జు. ఏడాదిన్నరలో నలభై తరాలు. పుట్టిన ఎనిమిది గంటల్లోపు, మగవాటితో కలవకముందే, ఆడవాటిని ఏరి వేరు చేయాలి, లేకపోతే లెక్క చెడుతుంది. నాలుగింటికే లేచేది అందుకు. ఇంటి పని కోసమని ఇంట్లోవాళ్ళ నమ్మకం.

నేను చూసిందేమిటంటే, మామిడి మగఈగ వచ్చి రెక్క ఆడిస్తే రాగి ఆడఈగ కాలితో తన్ని పోతుంది. మొదట్లో ఇలా లేదు. తరం మారేకొద్దీ తన్నేవి పెరిగాయి. ఒక జాతి రెండుగా చీలేటప్పుడు మొదటి గీత గీసేది ఆడదే అని నా వాదం. నాకు దొరికిన పుస్తకాల్లో మగవాటి పోటీ గురించి పేజీలకు పేజీలున్నాయి, వద్దన్న ఆడదాన్ని లెక్కపెట్టినవాడు లేడు. బెంగళూరులో ఒక ప్రొఫెసరమ్మకు ఇదంతా రాశాను. ఇంకా అయిదు తరాలు నిలబెట్టండి, నేనే వచ్చి చూస్తాను అని జవాబిచ్చింది.

ఆ ఉత్తరం పొట్లం కట్టడానికి బాగుంటుందన్నాడు నా మొగుడు నంజప్ప. కోర్టులో గుమాస్తా. ఆదివారం అతని పైఅధికారి శిరస్తదారు భోజనానికి వస్తున్నాడు, పాయసంలో ఈగ పడితే ప్రమోషన్ పోతుందట. శనివారం పొద్దున అలమరా తలుపు తీశాడు. మా అత్త మీనాక్షమ్మ పక్కనే మరిగే నీళ్ళ బిందెతో నిలబడింది, సీసాల్లో పోయడానికి.

కాపురానికొచ్చిన పదమూడేళ్ళూ బతిమాలాను, చాలు. ముందుకు పోయి సీసాలన్నీ చేత్తో తడిమాను.

"నేను బయట చేరినాను. ఇవన్నీ ముట్టేసినాను."

నంజప్ప చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ముట్టొద్దురా, జరుగు" అంది అత్త.

నెలకు మూడు రోజులు నన్ను పెరటి గదిలోకి నెట్టిన ఆచారమే నా ఈగలకు కాపలా నిలబడింది. సీసాలు ఒక్కొక్కటే గదిలోకి మోసుకుపోయాను. ఎవరూ ఆపలేదు. ఆపాలంటే నన్ను తాకాలి కదా.

కాలేజీకి సెలవు చీటీ పంపాను. ఆ మూడు రోజులు ఎవరూ నన్ను నీళ్ళడగలేదు. భూతద్దం, ఈగల్ని పరిచే తెల్ల పెంకు, వాటిని కదిపే కోడి ఈక, నేను. వంద రాగి ఆడవాటిలో ఎనభై మూడు తన్నాయి. శిరస్తదారు వచ్చాడు, తిన్నాడు, పోయాడు. పాయసంలో ఈగ లేదు, బెల్లమూ సరిగ్గా లేదట.

మూడో రోజు సాయంత్రం అత్త కంచం గడప దగ్గర పెట్టి గొంతు తగ్గించింది.

"పోయిన వారమే కదే తలకు పోసుకుంటివి. నాకు తెలవదనుకుంటివా?"

"మరి మీ కొడుక్కి చెప్పలేదే అత్తా?"

"సుమ్మా ఉండు, నోరెత్తకు" అంది. కొంగు చాటు నుంచి రాగిపిండి మూట తీసి కంచం పక్కన పెట్టి పోయింది. ముప్ఫై ఏళ్ళు నెలనెలా ఇదే గదిలో, చేతిలో ఏ పనీ లేకుండా కూర్చున్న మనిషి.

నాలుగో రోజు తలకు పోసుకున్నాను. వంటింట్లోకి పోలేదు. సీసాలకు కొత్త గంజి పోసి లెక్కకు కూర్చున్నాను. నంజప్ప ఆకలి మీద వచ్చి గడప అవతలే నిలబడ్డాడు.

"నాలుగు దినాలయిపాయె. పొయ్యి ముట్టించేది ఎవరే? ఇంకా ఎన్ని దినాలు?"

భూతద్దం మీంచి తలెత్తలేదు నేను.

"అయిదు తరాలు" అన్నాను.