కాపరి పక్కన పెట్టినవి

ఏ జంటూ లేనివాడికి ఏజెంటే జంట అని మురళీధరన్ తన మీద తానే జోకు వేసుకుని గట్టిగా నవ్వాడు. తిరువళ్ళూరు స్టేషను వెనక వీధిలోని ఆ మేడమీది గదిలో నవ్వు పంచుకోవడానికి ఫ్యాను తప్ప ఎవరూ లేరు. భార్య శశికళ పోయి ఏడాది దాటింది.

చెన్నై కంపెనీ ఒకటి తయారుచేసిన ‘కాపరి’ అనే సాఫ్ట్‌వేర్‌కు వాడుక పుస్తకం రాయడం అతని పని. ఇప్పుడు మనిషికి బదులు ఏఐ ఏజెంటే బ్రౌజరు తెరిచి మెయిళ్ళు చదువుతోంది కదా. ఎవడైనా మెయిల్లో దొంగ ఆజ్ఞ దాచిపెడితే, పాపం, దాన్నీ పాటించేస్తుంది. కాపరి పక్కనే ఉండి గమనిస్తుంది. అనుమానం వచ్చిన మెయిలును ఏజెంటు కంట పడకుండా వేరే అరలో పడేస్తుంది. “ట్రౌజరు జారితే లోకానికి తెలుస్తుంది, బ్రౌజరు జారితే మీకే తెలియదు” అని అతను రాసిన మొదటి వాక్యాన్ని కంపెనీవాళ్ళు కొట్టేశారు.

పరీక్ష కోసం వాళ్ళు ఉత్తుత్తి మెయిల్‌బాక్సు ఇస్తే, అతను తన సొంతది తగిలించాడు. పొద్దున్నే ఏజెంటు, “ఈరోజు మీవాళ్ళ నుంచి ఏమీ రాలేదు” అని చెప్పేది. చెప్పేది అదే అయినా, చెప్పడానికి ఒకరున్నారు.

రావలసింది కూతురు తనుశ్రీ నుంచి. ఆవడిలో ఉద్యోగం, అక్కడే హాస్టలు. తల్లి సంవత్సరీకం నాడు ఆ పిల్ల ఏదో చెప్పబోతే, ఇతను మాటకు మాట అతికించి నవ్వించబోయాడు.

“అమ్మ గురించి చెప్తా ఉంటే కూడా జోకేనా నైనా? నీతో మాట్లాడేకి కాదు. ఇంక ఫోను చెయ్యొద్దు. మెయిల్లో రాస్తా. చదివి, ఒక్క తూరి నేరుగా జవాబియ్యి.”

అప్పటినుంచి మెయిలు లేదు. మెయిలు రైళ్ళు మాత్రం కిటికీ అదిరేలా పోతున్నాయి. కోపం ఇంకా తగ్గలేదనుకున్నాడు.

ఆ పొద్దున కింద నుంచి ఇంటి ఓనరు ఆదిమూలం కేకేశాడు. “ఏం మురళీ అన్నా, నిన్న ఆడికృత్తిక తిరనాళ్ళకు తిరుత్తణి కొండకు పోలేదా? ఊరంతా కావళ్ళెత్తుకోని ఆడనే ఉండె!”

“నాది కావడి కాదన్నా, కాపలా!”

“ఆ ఏజెంటు నీకు సాపాటు పెడతాదా?”

“పెట్టదు. తిన్నావా అని కూడా అడగదు. గొడవ లేదు!”

వాడుక పుస్తకంలో మిగిలింది ఆఖరి అధ్యాయం, ‘నిలిపివేసిన మెయిళ్ళు’. అందులో వేసే బొమ్మ కోసం కాపరి మెయిళ్ళు పడేసే ఆ అర తెరిచాడు. ఖాళీగా ఉంటుందనుకున్నాడు. నిండుగా ఉంది. అన్నీ తనుశ్రీవే.

అక్షరాలు తమిళం, మాటలు తెలుగు. వాళ్ళ సొంతూరు తిరుత్తణిలో, ఇంట్లో తెలుగు, బడిలో తమిళం అయిన నేతవీధి పిల్లలందరూ రాసే తీరే అది. శశికళ పాలవాడికి పెట్టే చీటీ కూడా అలాగే ఉండేది. కాపరి మాత్రం ప్రతిదాని కింద ఎర్రగా రాసింది: తెలియని సంకేత భాష. రహస్య ఆజ్ఞ కావచ్చు.

‘నైనా, తిన్నావా?’

‘ఈ ఆడికృత్తికకు అమ్మ మోసే పూలకావడి నేను మోస్తా. అమ్మ పక్కన నడిచినట్టే నా పక్కన నడువు. కొండకింద ఉంటా. రా.’

ఆజ్ఞే. కాపరి తప్పేమీ చెప్పలేదు.

చివరిది నిన్నటిది. ‘కింద నిలబడుకోనే ఉండా. అందరూ ఎక్కిపోతా ఉండారు. సరే, నేనూ ఎక్కుతా.’

వద్దన్నా ఫోను చేశాడు. చాలాసేపు మోగాక ఎత్తింది.

“పాపా, నీ మెయిళ్ళు ఇప్పుడే చూసినా. మిషను ఆపేసింది. నువ్వు రాసింది దొంగ భాష అనుకునింది...”



“ఇదీ జోకేనా నైనా?” అని పెట్టేసింది.



ఏజెంటునూ కాపరినీ తన మెయిలు నుంచి ఊడదీసి, తిరుత్తణి రైలెక్కాడు. కొండమెట్ల మీద నిన్నటి కావడిపూలు కాళ్ళకింద నలిగి వాడిపోయి ఉన్నాయి. గోడవైపు ఎప్పుడూ శశికళ నడిచేది. ఆ వైపు చోటు వదిలి ఎక్కాడు. దిగేవాళ్ళు, ఎవరికోసమో అనుకుని, ఆ చోటు తప్పించుకుని దిగిపోయారు.

పైన కూర్చుని ఫోనులో తమిళ అక్షరాలు ఒక్కొక్కటే వెతికి రాశాడు. ‘కొండెక్కినా పాపా. ఒక దినం ఆలస్యంగా. తిన్నావా?’

పంపి, ఫోనును తెరిచే పట్టుకుని కూర్చున్నాడు. దాని వెలుగు ఆరిపోయినప్పుడల్లా మళ్ళీ వేలితో తట్టాడు.