ఊదా రంగు గాజు

ఆయన ముప్పై ఏళ్లు కరెంటు స్తంభాలు ఎక్కి దిగిన మనిషి. ఉద్యోగం అయ్యాక వెంట మిగిలినవి ఒక పాడైన మోకాలూ, పాత స్తంభాల మీద తీగలు మోసిన గాజు ఇన్సులేటర్లూను. పింగాణీవి వచ్చాక అలాంటివి అరుదైపోయాయి. అందుకే ఆయనకవి ప్రాణం. బోర్లించిన గ్లాసుల్లా ఆకుపచ్చవి, నీలివి, తేనె రంగువి, ఒకే ఒక్క ఊదా రంగుది, వెనక గది నిండా నాలుగు వందల పైచిలుకు. "మా అన్నకు నువ్వు రెండో పెళ్లానివే వదినా" అని ఆడపడుచు వేళాకోళమాడితే ఆయన భార్య నవ్వి ఊరుకునేది. దుమ్ము దులిపేది మాత్రం ఆమే.

ఆ ఉదయం ఆయన పాతసామాన్ల కొట్టుకు వెళ్లగానే, ఆమె గుడ్డ పట్టుకుని ఆ గదిలోకి వెళ్లి, గాలికి కొట్టుకోకుండా తలుపు మూసింది. పై అర అందక స్టూలెక్కి చెక్క అంచు పట్టుకుంది. గోడ మేకులు ఊడి, అంత పెద్ద అలమరా మెల్లగా ఒరిగి తలుపుకు అడ్డంగా పడింది.

చప్పుడు ఆగేసరికి ఆమె స్టూలు మీద గోడను కరుచుకుని ఉంది. నేలంతా గాజు పెంకులు. కాళ్లకు చెప్పులు లేవు. కిటికీకి ఊచలు. పిలిచి పిలిచి గొంతు ఆర్చుకుపోయింది గానీ పలికిన నాథుడు లేడు. మోకాళ్లు ముడుచుకుని స్టూలు మీదే కూలబడింది. నడుం పట్టేసింది. ఎండ పెంకుల మీద పడి గోడలకు రంగులు పూసింది. ఆ అందం చూస్తే ఆమెకు ఒళ్లు మండింది.

మధ్యాహ్నం దాటాక ఆయన వచ్చాడు. జరిగింది విని తలుపు తోశాడు. వేలెడు సందు తెరుచుకుని ఆగింది.

"నీకు దెబ్బలేమైనా తగిలాయా?"

లేదంది. ఆయన తర్వాత ఏమడుగుతాడో ఆమెకు తెలుసు.

"ఊదా రంగుది కనబడుతోందా?"

కనబడుతోంది. అలమరాకూ తలుపుకూ మధ్య ఇరుక్కుని, చెక్కుచెదరకుండా. దాని కోసం తిరుగుతూ ఆయన కూతురి కాన్పుకు ఒక రోజు ఆలస్యంగా వచ్చాడు.

"అది పగిలిపోయిందండీ. గట్టిగా తొయ్యండి" అంది.

ఆయన భుజం ఆనించి తోశాడు. లోపల ఏదో ఫెళ్లుమంది. కుంటుకుంటూ వచ్చి, ఆమెను చంటిపిల్లలా ఎత్తుకుని బయటికి తెచ్చి దించాడు. మోకాలి నొప్పికి పళ్లు బిగించాడు.

సాయంత్రం పెంకులు ఊడుస్తుంటే, తను తోసిన తలుపు చెక్క అంచులో నలిగి గుచ్చుకున్న ఊదా ముక్కలు ఆయనకు దొరికాయి. వాటిని చూశాడు, ఆమెను చూశాడు. వాటినీ మిగతా పెంకులతో పాటే చేటలోకి ఎత్తాడు.

మర్నాడు కొత్త మేకులు తెచ్చాడు. "ఈసారి గట్టిగా బిగిస్తాలే, భయపడకు. కాస్త ఆ చివర పట్టుకో."

ఇక ఆ గదిలో అడుగుపెట్టనని చెబుదామనుకుంది. ఆ మాట నోటి దాకా వచ్చింది. నిన్నటి అబద్ధం దానికి అడ్డం పడింది. ఆమె వెళ్లి అలమరా చివర పట్టుకుంది.