గోడవార మూరెడు చోటు

రైనర్ లుండెల్‌ని తిట్టుకోకుండా ఔలిస్ పొయ్యి ముట్టించిన శనివారం ఈ ఏడాదిలో లేదు. ఇవాళ మరీనూ. బర్చ్ చెట్టు దుంగ ఒకటి రెండు చేతులా ఎత్తి పొయ్యి నోట్లోకి తోసి ఒక తిట్టు. ఇంకో దుంగ, ఇంకో తిట్టు. దుంగలు తడిగా ఉన్నాయి. కొసల్లో నుంచి నీళ్ళు బుసబుసమంటూ నురగ కక్కుతున్నాయి. షెడ్డు కప్పు బాగు చేయించమని వేసవి నుంచీ మొత్తుకున్నాడు. రైనర్ బాగు చేయించింది కప్పు కాదు, వీధివైపు బోర్డు. దాని మీద నాలుగు భాషల్లో "సౌనా" అని రాయించాడు. తాంపెరె ఊళ్ళో ఆ మాట ఎవరికి తెలియదని?

రైనర్ ఆ సౌనాని, అంటే ఆ ఆవిరిస్నానాల ఇంటిని, నడిపే సంఘానికి అధ్యక్షుడు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. మెడలో ఎప్పుడూ ఉన్ని కండువా, చేతిలో ఎప్పుడూ ఫోను. ఊళ్ళో చూడవలసిన చోట్లంటూ అచ్చువేసే కాగితంలోకి వాళ్ళ సౌనాని ఎక్కించింది అతనే. గోడల మీద బొమ్మలున్న చర్చి, కొండమీది బురుజు, దాని కింద వేడివేడి తీపి గారెలు, పాత బట్టల మిల్లు, బజారులో నెత్తుటి సాసేజీ, ఆ తర్వాత వీళ్ళు. ఎక్కితే ఎక్కింది. కానీ ఊరు చూడ్డానికి బస్సులో దిగేవాళ్ళకి శనివారం మొదటి ఆవిరి ఇచ్చేశాడు. అంతకు ముందు అది ఆ కొండవాలు వీధి ముసలాళ్ళది. అలాగని ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ కాదనలేదు.

ఔలిస్ ఒకసారి నోరు విప్పి అడిగాడు. రైనర్ భుజం తట్టి, "ముసలాళ్ళు ఏ ఆవిరికైనా చెమటోడుస్తారు ఔలిస్. డబ్బిచ్చి వచ్చేవాడికి మొదటిదే కావాలి," అన్నాడు. ఆ తట్టిన చోట ఔలిస్‌కి ఇప్పటికీ చిరచిరలాడుతుంది.

ఇవాళ్టి బాధ ఆ ముసలాళ్ళందరి కోసం కాదు, ఒక్క విల్హో కోసం.

విల్హోని ఔలిస్ మేస్త్రీ అనే పిలుస్తాడు. పదిహేనో ఏట బడి మానేసి మిల్లులో చేరినప్పుడు, అద్దకం గదిలో అతని మీద మేస్త్రి విల్హో. ఇప్పుడు ఆ మిల్లు ముందు జనం నిలబడి చిమ్నీకి ఫోటోలు తీసుకుంటారు. వీళ్ళిద్దరూ దగ్గుతూ పనిచేసిన గదిలో కాఫీ హోటలు పెట్టారు. మిల్లు మూసేసిన వారం, మిగతావాళ్ళంతా తాగుతూ కూర్చుంటే, విల్హో ఔలిస్‌ని చెయ్యిపట్టి ఈ పొయ్యి దగ్గరికి తీసుకొచ్చాడు. "నీకు చదువు రాదు, మాటలూ రావు. నిప్పుకి ఆ రెండూ అక్కర్లేదు," అన్నాడు. పెళ్ళి, విడాకులు, తల్లి చావు, అన్నీ ఈ పొయ్యి ముట్టించడానికీ ఆర్పడానికీ మధ్యనే జరిగిపోయాయి ఔలిస్‌కి. ప్రతి శనివారం మొదటి ఆవిరికి మేస్త్రి, ఒంటికి కొట్టుకునే బర్చ్ రెమ్మల కట్ట నానబెట్టి పట్టుకుని, ఆవిరి గదిలో చెక్కమెట్ల వరసలో పై మెట్టు ఎక్కి గోడవారన కూర్చునేవాడు. కింద నుంచి ఔలిస్ కాగిన రాళ్ళ మీద నీళ్ళు చల్లేవాడు. "ఊ" అంటే ఇంకో గరిటె. "ఊఁహూ" అంటే చాలు. అంతకు మించి వాళ్ళేం మాట్లాడుకున్నారో ఔలిస్‌ని అడిగితే చెప్పలేడు.

గురువారం మేస్త్రి చేతికర్ర ఊతంతో వచ్చి, వాన వస్తుందేమో అన్నట్టుగా కబురు చెప్పాడు. తుంటి ఎముక పనికిరాదు. కొండవాలు మెట్లు ఇక ఎక్కలేడు. దూరాన కెమి ఊళ్ళో తమ్ముడికి నేలమట్టం ఇల్లుంది. శనివారం తమ్ముడు కారేసుకుని వస్తున్నాడు. వాడికి చీకటి పడితే కళ్ళు ఆనవు, కాబట్టి మధ్యాహ్నం కాస్త దాటగానే బయల్దేరాలి.

ఔలిస్ ఊచతో నిప్పులు కెలికాడు. తర్వాత అన్నాడు, "శనివారం పెందరాళే రా మేస్త్రీ. బస్సు రాకముందే ఆవిరి తయారుగా ఉంచుతా."

"చూద్దాం."

ఆ వీధిలో చూద్దాం అంటే వస్తానని.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, తమ్ముడింట్లో ఆవిరికి కరెంటు పొయ్యి ఉందట, మీట నొక్కితే చాలట, అన్నాడు. మరింకేం, సుఖమే కదా అన్నాడు ఔలిస్.

"రొట్టె కాల్చుకోడానికి బాగుంటుంది," అన్నాడు మేస్త్రి.

అందుకే ఇవాళ కోడికూతకి ముందే లేచి పొయ్యి ముట్టించాడు. తడి దుంగలు ఏడిపిస్తున్నాయి. లోపల బండెడు రాళ్ళు ఎర్రబడాలి, కట్టె మొత్తం కాలి నిప్పులవ్వాలి, ఆ నిప్పుల మీద నీలిమంట పూర్తిగా చావాలి. అప్పుడుగానీ పొగగొట్టం మూత వెయ్యకూడదు. ముందే వేస్తే లోపలివాళ్ళు కూర్చున్నచోటే ఒరిగిపోతారు. పొయ్యి దగ్గర నిలబడలేక పెరట్లోకి వెళ్ళాడు. రెండు సరస్సుల మీద నుంచీ లేచిన పొగమంచు ఊరిని మింగేసింది. పొగ పైకి పోకుండా కప్పు మీంచి జారి కిందికి దిగుతోంది. మళ్ళీ లోపలికి. మళ్ళీ పెరట్లోకి.

కాఫీ గల్లా దగ్గర కూర్చునే మైరె యాలకుల బన్నులు తట్టలో సర్దుతూ చూసింది. "ఏంటా తిరగడం, పురుటిగది బయట మొగుడిలా?" అంది. ఔలిస్ ఆమె ఇచ్చిన కాఫీ గుక్కలో తాగేసి నాలుక కాల్చుకున్నాడు.

పదకొండు దాటినా నీలిమంట ఒక మూల నిక్కుతూనే ఉంది. దాన్ని ఊచతో విడదీస్తుండగా వీధిలో బస్సు ఆగిన చప్పుడు వినిపించింది.

రెండింటికి రావలసిన బస్సు. బస్సువాళ్ళకి ఊరు చూపించే పిల్ల లోపలికొచ్చి క్షమాపణలు చెప్పుకుంది. బురుజు ఎక్కితే పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది తప్ప ఏమీ కనబడలేదట. గారెలు తిన్నారట. చర్చిలో ఎవరిదో పెళ్ళి, లోపలికి రానివ్వలేదట. అందుకని ముందే ఇక్కడికి తీసుకొచ్చేసిందట. మంచు అలుముకుంటే బురుజు దండగవుతుందని, బురుజు దండగైతే బస్సు ఇటే తిరుగుతుందని, పొద్దుట్నుంచీ ఆ మంచులోకే చూస్తూ కూడా ఔలిస్‌కి తట్టలేదు.

గల్లా దగ్గర ఫోను మోగింది. రైనర్.

"ఏం మహానుభావా, పొయ్యి ఇంకా అలిగే ఉందా?"

"నీలిమంట ఆరలేదు."

"ఎంతసేపు?"

"ఆరేదాకా."

"మంచుని నేను పిలిచానా? కాగానే పంపు. చలిలో నిలబెట్టకు," అని పెట్టేశాడు.

పావుగంటకి నీలిమంట చచ్చింది. మూత వేశాడు. తలుపులు బార్లా తెరిచి రెండు గరిటెలు చల్లి, లోపలి చెడుగాలిని బయటికి తరిమాడు. రాళ్ళు గుప్పున ఉరిమాయి. మంచి ఆవిరి. ఇంత మంచి ఆవిరి ఈ ఏడాదిలో పడలేదు. వీధి చివరిదాకా చూశాడు. మంచులో దీపస్తంభం కూడా సగమే కనబడుతోంది. మేస్త్రి జాడ లేదు. బట్టలు విప్పే గదిలో మగాళ్ళు తువ్వాళ్ళు చుట్టుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ, పళ్ళు టకటకలాడిస్తూ అతని వైపే చూస్తున్నారు. వాళ్ళని ఆపడానికి అతని దగ్గర సాకూ లేదు, సాకు చెప్పే భాషా లేదు.

అప్పుడు చేశాడు, ఆలోచించకుండానే. బట్టలు విప్పి గోడ మేకుకి తగిలించి, అందరికంటే ముందు లోపలికి వెళ్ళి పై మెట్టు ఎక్కాడు. గోడవార మేస్త్రి చోటు వదిలి దాని పక్కన కూర్చున్నాడు. వదిలిన చోట చెయ్యి ఆనించి పెట్టాడు. వచ్చి కూర్చుంటే చాలు. ఒక్క విడత.

వాళ్ళు ఎక్కారు. మెట్లు కిక్కిరిశాయి. ఎవరో నవ్వారు, ఎవరో చెవులు మూసుకున్నారు. ఎర్రటి ఛాతీ ఉన్న లావుపాటాయన ఔలిస్ చెయ్యి ఉన్న చోటు చూపించి కనుబొమలెగరేశాడు. ఔలిస్ తల అడ్డంగా ఊపాడు. ఆయన మర్యాదగా కింది మెట్టు మీద ఇరుక్కున్నాడు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఔలిస్ మెడ అటు తిరిగింది. వచ్చేవాడు మేస్త్రి కాదు. రెండోసారీ కాదు. కిందికి దిగి గరిటెడు చల్లి మళ్ళీ ఎక్కి, మళ్ళీ చెయ్యి ఆనించాడు. చెమట కళ్ళలోకి కారింది. అరచేతి కింద చెక్క కాలుతోంది. తీసేస్తే ఎవరో కూర్చుంటారు. తీయలేదు. తలలో రక్తం చప్పుడు పొయ్యి చప్పుడులో కలిసిపోయి ఎంతసేపైందో తెలియలేదు. చూరుకింద చిన్న కిటికీలో మంచు పలచబడి వెలుతురు పసుపు తిరిగాక గానీ లేవలేదు.

ఒంటి నుంచి పొగలు కక్కుతూ, తువ్వాలు బిగించుకుంటూ గల్లా దగ్గరికొచ్చి, మేస్త్రి రాలేదా అని అడిగాడు.

మైరె కప్పులు కడుగుతోంది. తల ఎత్తి, "వచ్చాడుగా," అంది.

పెరటి వైపు షెడ్డు గేటులోంచి వచ్చాడట, మిల్లువాళ్ళు మొదట్నుంచీ అటునుంచే వస్తారు గనక. వీధివైపు చూస్తున్న ఔలిస్‌కి అది గుర్తే రాలేదు. బస్సువాళ్ళు బట్టలు విప్పుకుంటున్నారట అప్పుడు. పొయ్యి గదిలోకి తొంగిచూశాడట. ఎవరూ లేరు. పెరట్లో కిటికీ కింద బల్ల మీద కూర్చున్నాడట. చాలాసేపే కూర్చున్నాడట. తర్వాత లేచి వెళ్ళాడట. ఇందాక తమ్ముడి కారు వాలు దిగి పోయింది, ముందు సీట్లో టోపీ పెట్టుకుని కూర్చున్నాడు, చెయ్యెత్తాడు, నేనూ ఎత్తాను, అంది.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"కూర్చున్నాడు ఔలిస్. ఒంటరిగా కూర్చున్నవాణ్ణి ఏమని కదిలించను?"

మైరె చోట ఔలిస్ ఉన్నా కదిలించి ఉండడు. మేస్త్రి కూడా అంతే. నలుగురూ కూర్చున్న గది తలుపు తోసుకుని ఔలిస్ అని పిలవడు. ఇవాళ ఆ ఇద్దరికీ అడ్డం రైనర్ కూడా కాదు, ఒక తలుపు. గడియ కూడా లేని తలుపు.

ఆవిరి గది తలుపు మళ్ళీ తెరుచుకుంటే లోపలికి చూశాడు. ఎర్రటి ఛాతీ ఆయన పైకి మారి, కాళ్ళు చాపుకుని, గోడకి జారగిలబడి కళ్ళు మూసుకుని ఉన్నాడు. పై మెట్టు మీద, గోడవారన, మూరెడు వెడల్పు చెక్క. ఔలిస్ పోగొట్టుకున్నది సరిగ్గా అంతే, అంతకు అంగుళం ఎక్కువ కాదు.

బట్టలు కూడా వేసుకోకుండా పెరట్లోకి వెళ్ళాడు. ఒంటికి చలి తెలియలేదు. కిటికీ కింద బల్ల ఖాళీగా ఉంది. దాని పక్కన రేకు బకెట్టులో గోరువెచ్చగా పోసిన నీళ్ళు చల్లారిపోయి ఉన్నాయి. వాటిలో, నడివేసవిలో కట్టి ఎండబెట్టిన బర్చ్ రెమ్మల కట్ట ఒకటి, కాడలు పైకి ఉండేలా నిలబెట్టి ఉంది. నానడానికి కావలసినంతసేపూ నాని, దాని ఆకులన్నీ విచ్చుకుని, అప్పుడే చెట్టునుంచి కోసినట్టు పచ్చగా వాసన కొడుతున్నాయి.